కారు నడపని ట్రాఫిక్ గురువు: విలియం ఫెల్ప్స్ ఈనో



సాయంత్రం లాంగ్ బెల్ మోగే వేళకు ఏ స్కూలు గేటు ముందైనా ఒకటే దృశ్యం. గేటుకు అటూ ఇటూ కార్లు, వాటి పక్కనే రెండో వరసలో ఇంకో కారు, సందుల్లో ఆటోలు, బైకు దిగకుండా దాని మీదే కూర్చుని ఫోన్ చూసుకుంటున్న నాన్నలు. వెనక స్కూల్ బస్సు డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉంటాడు. అక్కడున్న వాళ్లందరూ మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. ప్రతి ఒక్కరూ బండి ఆపింది రెండు నిమిషాల కోసమే. అయినా చాలాసేపు ఎవరి బండీ కదలదు.

సరిగ్గా ఇలాంటి చిక్కులోనే ఒకసారి తొమ్మిదేళ్ల పిల్లవాడు తల్లితో పాటు ఇరుక్కుపోయాడు. ఆ రోజు కలిగిన చిరాకును అతను మరిచిపోలేదు. పెద్దయ్యాక ఆస్తి, తీరిక, నలభై ఏళ్ల జీవితం ఆ ఒక్క సమస్యకే పెట్టాడు. ఈ రోజు మన రోడ్ల మీద కనిపించే ఎన్నో అలవాట్ల వెనక ఆయన ఆలోచన ఉంది. ఆయన పేరు విలియం ఫెల్ప్స్ ఈనో. మన ఇళ్లలో కడుపు మంటకు వేసుకునే ఈనో పొడికీ ఈయనకూ సంబంధం లేదు. పిల్లలు ఆ ప్రశ్న అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాం.

సంపన్నుల ఇంటి పిల్లవాడు

ఈనో 1858 జూన్ 3న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి ఏమోస్ ఈనో ఆ నగరంలో పేరున్న స్థలాల వ్యాపారి. ఊరి చివర అనుకున్న చోట ఫిఫ్త్ అవెన్యూ హోటల్ కట్టించి, తర్వాత నగరమే అక్కడికి నడిచి వచ్చేలా చేసిన మనిషి. కాబట్టి విలియం చిన్నతనం డబ్బుకు లోటు లేకుండా గడిచింది. గుర్రపు బగ్గీలు, నౌకర్లు, నాటకాలు, ప్రయాణాలు అన్నీ ఉన్నాయి.

1867లో ఒకరోజు తల్లితో కలిసి బగ్గీలో వెళ్తుండగా వీధిలో బళ్లు నిలిచిపోయాయి. అప్పటికి ప్రపంచంలో ఇంకా మోటారు కార్లు లేవు. అక్కడ ఉన్నవి పట్టుమని డజను గుర్రపు బళ్లు. కాస్త వరస పాటిస్తే నిమిషాల్లో విడిపోయే చిక్కు అది. కానీ ఏ బండి ముందు కదలాలో, ఏది వెనక్కి తగ్గాలో బండి తోలేవాళ్లకు తెలియదు. పక్కనే ఉన్న పోలీసులకూ తెలియదు. అందరూ ఒకేసారి ముందుకు రావాలని చూశారు, అందరూ ఆగిపోయారు. రోడ్డు చాలకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది, పద్ధతి లేకపోవడం వల్ల వచ్చిందని ఆ పిల్లవాడికి అర్థమైంది. ముసలితనంలో తన పని గురించి రాసుకున్న పుస్తకంలోనూ ఆయన ఈ సంఘటనను గుర్తు చేసుకున్నారు.

తర్వాత యేల్ యూనివర్సిటీలో చదువుకుని, 1882లో డిగ్రీ పూర్తి చేసి, తండ్రి వ్యాపారంలో చేరారు. 1884లో ఆ కుటుంబానికి పెద్ద దెబ్బ తగిలింది. ఒక బ్యాంకుకు అధ్యక్షుడిగా ఉన్న విలియం సోదరుడు జాన్, బ్యాంకు డబ్బు లక్షల డాలర్ల మేర సొంతానికి వాడుకుని కెనడా పారిపోయాడు. డిపాజిట్‌దారులు నష్టపోకుండా తండ్రి తన సొంత ఆస్తి నుంచి ఆ లోటు పూడ్చారు. ఒక మనిషి నిబంధన మీరితే ఆ భారం ఎంతమంది మోయాల్సి వస్తుందో విలియం ఇంట్లోనే చూశారు.

నలభై ఏళ్లు దాటాక మొదలైన పని

1898లో తండ్రి పోయారు. మరుసటి ఏడాది నుంచి విలియం వ్యాపారం పక్కనపెట్టి వీధుల మీద పడ్డారు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఉద్యోగం కాదు, పదవి కాదు, ఎవరూ పిలిచి అప్పగించిన బాధ్యతా కాదు. చిన్ననాటి చిరాకు, చేతిలో ఉన్న తీరిక, అంతే.

ఆనాటి న్యూయార్క్ వీధిని ఒకసారి ఊహించుకోండి. 1900 లెక్కల ప్రకారం ఆ నగర జనాభా దాదాపు 34 లక్షలు. గుర్రపు బళ్లు, సరుకు బళ్లు, ట్రాములు, సైకిళ్లు, తోపుడు బళ్లు, కొత్తగా వచ్చిన మోటార్లు, వీటన్నిటి మధ్య నడిచే జనం. రోడ్డు మీద ఒక్క గీత లేదు. ఆగమని చెప్పే బోర్డు లేదు, సిగ్నల్ లైటు లేదు. బండి ఎటు పక్క ఆపినా అడిగేవాళ్లు లేరు. 1899 సెప్టెంబరులో ట్రాము దిగుతున్న హెన్రీ బ్లిస్ అనే ఆయనను ఒక ఎలక్ట్రిక్ టాక్సీ గుద్దింది. మర్నాడు ఆయన చనిపోయారు. అమెరికాలో మోటారు వాహనం వల్ల పోయిన మొదటి ప్రాణంగా ఆ మరణాన్ని చెబుతారు. బండి దిగి రోడ్డు మీద కాలు పెట్టే క్షణం ఎంత ప్రమాదమో అప్పుడే తేలిపోయింది.

1900లో ఈనో ఒక గుర్రపు స్వారీ పత్రికలో, వీధి రాకపోకలను వెంటనే చక్కదిద్దాలంటూ వ్యాసం రాశారు. ఆ తర్వాత వరసగా రాస్తూనే ఉన్నారు. ఆయన వాదన మూడు ముక్కల్లో చెప్పవచ్చు. మొదటిది, నియమాలు కొద్దిగా ఉండాలి, సులువుగా ఉండాలి, న్యాయంగా ఉండాలి, వాటికి చట్టం బలం ఉండాలి. రెండోది, తెలియదని ఎవరూ తప్పించుకోలేనంతగా వాటిని ఊరంతా పంచాలి, కనిపించే చోట పెట్టాలి. మూడోది, వాటిని అమలు చేసే పోలీసులకు అధికారంతో పాటు ప్రత్యేక శిక్షణ కూడా ఉండాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండూ దండగే అని ఆయన నమ్మకం. మన ఇళ్లలో పిల్లలకు పెట్టే నియమాలకు కూడా ఇదే వర్తిస్తుంది కదా.

లక్ష కాగితాలు

ఆ పట్టుదల 1903లో ఫలించింది. ఈనో తయారు చేసిన నియమాలను న్యూయార్క్ పోలీసు శాఖ ఆ ఏడాది అక్టోబరులో అమల్లోకి తెచ్చింది. రూల్స్ ఫర్ డ్రైవింగ్ అనే పేరుతో వచ్చిన ఆ చిన్న కరపత్రాన్ని నగరాల ట్రాఫిక్ నియమావళుల్లో మొట్టమొదటిదిగా చెబుతారు. లక్ష కాపీలు అచ్చు వేయించారు, ఖర్చు ఈనో సొంత జేబు నుంచే పెట్టుకున్నారు. బండి తోలేవాళ్ల చేతికి, గుర్రపు శాలలకు, పోలీసులకు అవి చేరాయి.

అందులో ఏముంది? ఈ రోజు చదివితే ఇవి కూడా చెప్పాలా అనిపించే విషయాలే. అందరూ కుడి పక్కనే వెళ్లాలి. (అమెరికాలో కుడి, మనకు ఎడమ.) నెమ్మదిగా వెళ్లే బళ్లు రోడ్డు అంచుకు దగ్గరగా ఉండి, వేగంగా వచ్చేవాటికి దారి వదలాలి. కుడికి తిరిగేవాళ్లు అంచును ఆనుకుని తిరగాలి. ఎడమకు తిరిగేవాళ్లు కూడలి మధ్య భాగాన్ని దాటాకే తిరగాలి, అడ్డంగా కోసుకుని వెళ్లకూడదు. ఆగే ముందు చెయ్యో కొరడానో పైకెత్తి వెనకవాళ్లకు తెలియజేయాలి.

బండి ఆపడం గురించి కూడా స్పష్టంగా చెప్పారు. ఆపితే అంచుకు ఆనించే ఆపాలి. బండి ఎడమ వైపు అంచుకు వచ్చేలా, అంటే రాంగ్ సైడులో, ఆపకూడదు. ఎందుకంటే అలా ఆపినవాడు వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి ఎదురు వరసను కోసుకుంటాడు. జనం రోడ్డు దాటే చోటు మూసేయకూడదు.

ఆగిన బళ్ల గురించి ఈనో ఎంత పట్టించుకున్నారంటే, ఆ తర్వాత రాసిన నియమాల్లో వాటికి రెండు వేర్వేరు మాటలు వాడారు. అంచు పక్కనే ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడితే ఒక మాట, అలా కాకుండా వెనక భాగం అంచుకు తగిలేలానో, అంచుకు దూరంగానో నిలబడితే ఇంకో మాట. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ బారుగా ఆగిన బండి రోడ్డులో ఆరడుగులు తీసుకుంటే, అడ్డంగా ఆగినది దాని రెట్టింపు పైనే తీసుకుంటుంది. నడిచే బండి రోడ్డును దాటుకుని పోతుంది, ఆగిన బండి రోడ్డునే ఇరుకు చేస్తుంది.

కూడలిని గుండ్రంగా మార్చిన ఆలోచన

న్యూయార్క్‌లో కొలంబస్ సర్కిల్ అనే పెద్ద కూడలి ఉంది. నాలుగు వైపుల నుంచి వచ్చే బళ్లు అక్కడ ఎవరికి నచ్చినట్టు వాళ్లు పోయేవి. ఈనో సూచన మేరకు 1905లో అందరూ ఒకే దిశలో చుట్టూ తిరిగి వెళ్లే పద్ధతి పెట్టారు. దాదాపు అదే కాలంలో పారిస్‌లో ఎజీన్ ఎనార్ అనే వాస్తుశిల్పి ఇలాంటి ఆలోచనే చేశారు. 1907లో పారిస్ విజయ తోరణం చుట్టూ ఉన్న కూడలిలో కూడా అదే పద్ధతి వచ్చింది. ఈనో పారిస్, లండన్ నగరాల రాకపోకల ప్రణాళికల్లోనూ పాలుపంచుకున్నారు.

వన్ వే వీధులు, రోడ్డు మధ్యలో పాదచారులు ఆగడానికి ఎత్తైన దిమ్మెలు, టాక్సీలకు విడిగా స్టాండ్లు, ఆగి చూసి వెళ్లమనే స్టాప్ బోర్డు, పాదచారులు దాటేందుకు గుర్తు పెట్టిన చోటు. వీటిని ముందుగా ప్రతిపాదించి ప్రచారం చేసినవాళ్లలో ఆయన పేరు మొదట వస్తుంది. 1909లో వీధి రాకపోకల క్రమబద్ధీకరణ మీద పుస్తకం వేశారు. 1921లో ఈ విషయం మీదే పరిశోధన చేసే సంస్థను స్థాపించి దానికి తన ఆస్తిలో భాగం ఇచ్చారు. ఆ సంస్థ ఈనో సెంటర్ ఫర్ ట్రాన్స్‌పోర్టేషన్ పేరుతో ఇప్పటికీ వాషింగ్టన్‌లో పని చేస్తోంది.

ఇంతా చేసి, ఆయన కారు నడపడం నేర్చుకోలేదు. గుర్రపు స్వారీ అంటే ఇష్టం. కారులో వెళ్లాల్సి వస్తే డ్రైవరు ఉండేవాడు. బహుశా స్టీరింగ్ చేతిలో లేకపోవడమే ఆయనకు మేలు చేసి ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి తన ముందున్న ఖాళీ మాత్రమే కనిపిస్తుంది. వెనక సీట్లో కూర్చున్నవాడికి వీధి మొత్తం కనిపిస్తుంది.

ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు. ట్రాఫిక్ లైట్లు వచ్చినప్పుడు ఆయనకు అవి నచ్చలేదు. బళ్లను ఆపి వదలడం కంటే చుట్టూ తిరుగుతూ కదిలేలా చేయడమే మేలని పట్టుబట్టారు. 1920ల నాటికి కార్లు విపరీతంగా పెరిగి, ఈ రంగంలోకి చదువుకున్న ఇంజినీర్లు వచ్చారు. వాళ్ల లెక్కల ముందు ఈనో మాట వెనకబడింది. లైట్లే గెలిచాయి. అయినా ఆ ఇంజినీర్లే తమ సంఘంలో ఆయనకు గౌరవ సభ్యత్వం ఇచ్చి గురువుగా చూశారు. 1945 డిసెంబరు 3న, 87 ఏళ్ల వయసులో ఈనో కన్నుమూశారు.

గీతలు గీసినవాళ్లు

ఈనో నియమాలు కాగితం మీద పుట్టాయి. వాటిని రోడ్డు మీద రాసినవాళ్లు వేరే ఉన్నారు. 1911లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారి రోడ్డు మధ్యలో తెల్ల గీత వేయించారు. పాల బండి నుంచి కారిన పాలు రోడ్డు మీద గీతలా పడటం చూసి ఆ ఆలోచన వచ్చిందని కథగా చెబుతారు. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెకారల్ అనే డాక్టరమ్మ కారును ఎదురుగా వచ్చిన లారీ రోడ్డు దింపేసింది. మధ్య గీత ఉంటే ఇలా జరగదని ఆమె అధికారుల చుట్టూ తిరిగారు. ఎవరూ కదలకపోతే తానే బ్రష్షు పట్టుకుని ఇంటి ముందు రోడ్డు మీద గీత గీశారు. మహిళా సంఘాల తోడుతో ఏళ్ల తరబడి అడిగారు. 1924లో ఆ రాష్ట్రం ఒప్పుకుని వేల మైళ్ల మేర గీతలు వేయించింది.

బండి ఆపే చోటుకు వెల కట్టినది 1935లో. ఓక్లహోమా సిటీలో అంగళ్ల ముందు ఉద్యోగులు పొద్దున ఆపిన కార్లు సాయంత్రం దాకా కదిలేవి కావు. కొనడానికి వచ్చినవాళ్లకు చోటే ఉండేది కాదు. కార్ల్ మగీ అనే పత్రికా సంపాదకుడి ఆలోచనతో ఆ జులైలో మొదటి పార్కింగ్ మీటర్లు వచ్చాయి. గంటకు ఐదు సెంట్లు. వీధి అంచు ఎవరి సొంతం కాదు, వంతులవారీగా వాడుకోవాల్సిన ఉమ్మడి చోటు అనే మాటను ఆ యంత్రం నాణెం రూపంలో చెప్పింది.

మన గేటు దగ్గరికి వస్తే

ఈ పెద్దలందరి పని చివరికి మన దేశపు నియమాల్లోకి కూడా చేరింది. 1989లో వచ్చిన రోడ్డు నియమాల స్థానంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు మన అందరికీ వర్తిస్తాయి. వాటి సారాంశం పిల్లలకు కూడా అర్థమయ్యేదే.

రోడ్డు మధ్యలో తెగుతూ పోయే తెల్ల గీత ఉంటే, ఎదుట ఖాళీ చూసుకుని జాగ్రత్తగా దాటవచ్చు. తెగకుండా పోయే గీత ఉంటే దాటకూడదు, అలాంటి చోట బండి ఆపి వెళ్లకూడదు. అంచున తెగని పసుపు గీత కనిపిస్తే అక్కడ పార్కింగ్ లేదని అర్థం. స్టాప్ లైన్ జీబ్రా చారలకు ముందు ఉంటుంది. మన ముందు చక్రాలు దాని వెనకే ఆగాలి, చారల మీద కాదు.

ఎక్కడ ఆపకూడదో 1989 నియమాలు జాబితాగానే చెప్పాయి. కూడలి దగ్గర, మలుపులో, ఎత్తు మీద, ఫుట్‌పాత్ మీద, సిగ్నల్ దగ్గర, జీబ్రా దగ్గర, బస్టాపు దగ్గర, ఆసుపత్రి ద్వారం దగ్గర, రాంగ్ సైడులో, ఆగి ఉన్న ఇంకో బండి పక్కన. ఆ జాబితాలోనే స్కూలు ద్వారం కూడా ఉంది.

స్కూలు ద్వారాన్ని ఎందుకు చేర్చారో తెలుసుకోవాలంటే ఒక చిన్న పని చేయండి. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని రోడ్డు వైపు చూడండి. రెండో తరగతి పిల్లకు కనిపించేది అంతే. వస్తున్న బైకు ఆ పిల్లకు కనపడదు, బైకు నడిపేవాడికి ఆ పిల్ల కనపడదు. మధ్యలో అడ్డంగా ఉన్నది రెండు నిమిషాల కోసమని మనం ఆపిన బండి. మన బిడ్డను గేటు ముందే దింపుకున్నామని మనం తృప్తి పడతాం. మన వెనక దాక్కుపోయింది ఇంకొకరి బిడ్డ.

కాబట్టి ఈ నెల నుంచి మీ అందరికీ మా మనవి ఇంతే. గేటుకు ఎదురుగా కాకుండా కాస్త ముందో వెనకో, రోడ్డుకు ఎడమ అంచున, బారుగా బండి ఆపండి. రెండో వరస వద్దు. బిడ్డను ఎడమ వైపు తలుపు నుంచే దింపండి, ఎక్కించండి. ఆ యాభై అడుగులూ చెయ్యి పట్టుకుని నడవండి. రోజంతా క్లాసులో ఏం జరిగిందో చెప్పడానికి పిల్లలకు ఆ యాభై అడుగులు సరిపోతాయి. ఇంటి నుంచి స్కూలు దాకా ఎన్ని రకాల గీతలు కనిపించాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. ఏ గీత ఏం చెబుతుందో మీరు తప్పు చెబితే సరిదిద్దే అవకాశం కూడా ఇవ్వండి, వాళ్లకు అదంటే మహా సరదా.

ఈనో తొమ్మిదేళ్ల వయసులో పెద్దల గందరగోళాన్ని బగ్గీ కిటికీలోంచి చూశారు. రేపు సాయంత్రం మన వెనక సీట్లో కూడా అదే వయసు పిల్లలు కూర్చుని ఉంటారు. మనం బండి ఎక్కడ ఆపుతున్నామో వాళ్లు చూస్తూనే ఉంటారు.